కృపమ్మ టీచరు లేచి నిలబడిన ఆదివారం

ఇవాళ పొద్దున డోన్ జంక్షన్లో గుంటూరు వైపు పోయే బండి కోసం కూర్చుని ఉండగా బొగ్గు గూడ్సు ఒకటి ఆగకుండా దాటిపోయింది. పెట్టె వెనక పెట్టె, ఎంతకీ తెగలేదు. గాలికి పైపొడి లేచి ప్లాట్‌ఫాం మీదికి కొట్టింది. పక్కన కూర్చున్న ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకుంది. నేను కదల్లేదు. నాలుక మీద పడిన ఆ పొడి నాకు కొత్తది కాదు. కొంచెం చేదు, కొంచెం ఇనుము వాసన, పళ్ల సందున సన్నగా గరగర. నీళ్లు పుక్కిలించి ఉమ్మినా ఒకంతట పోదు. అది పోయేదాకా నాకు ఇద్దరు ఆడవాళ్లు గుర్తొస్తూ ఉంటారు. ఒకరు నా భార్య సరోజ. ఇంకొకరు కృపమ్మ టీచరు. ఇద్దరూ ఇప్పుడు లేరు. సరోజ గురించి నేను చాలా కాగితాల్లో రాశాను. అవన్నీ ఏవేవో ఆఫీసుల్లో పడి ఉన్నాయి. టీచరు గురించి మాత్రం ఇంతవరకూ ఒక్క ముక్క రాయలేదు. రాయకపోవడానికి కారణం కోపం.

నా సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. నన్ను ఎవరు ఎప్పుడు తక్కువ చేశారో నాకు వారంతో సహా గుర్తుంటుంది. పెళ్లి భోజనంలో నా ఆకు దాటుకుని పోయి పక్కవాడికి కూర వడ్డించినవాడు నలభై ఏళ్ల తర్వాత ఎదురైనా నేను ముందుగా పలకరించను. "నీ తలకాయ తాలూకాఫీసు రికార్డు రూము. ఎలుకలు గూడా కొట్టవు" అని సరోజ నవ్వేది. ఆ రికార్డులో కృపమ్మ టీచరు పేరు రెండు చోట్ల ఉంది. నన్ను మనిషిని చేసినవాళ్ల వరసలో మొదటి పేరు ఆమెది. నలుగురి ముందూ నాకు ఎదురు నిలబడినవాళ్ల వరసలో కూడా మొదటి పేరు ఆమెదే.

మా ఊరు కోసిగికి అవతల, నల్లరేగడి అయిపోయి రాళ్లు మొదలయ్యే చోట ఉంటుంది. వాన సరిగా పడిన ఏడు మాకు అరుదు. నవంబరు దాటిందంటే ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. భార్యాభర్తలు, ముసలివాళ్లు, చంటిబిడ్డలతో సహా గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్ని మా వైపు సుగ్గికి పోవడం అంటారు. మళ్లీ ఎండలు ముదిరాకే వస్తారు. మా అమ్మా నాయనా కూడా అట్లా పోయినవాళ్లే. నన్ను మా చర్చి వాళ్ల హాస్టల్లో వదిలిపెట్టేవాళ్లు. ఆ హాస్టల్ గొప్పతనం ఒక్కటే. సర్కారు హాస్టళ్లు సెలవులొస్తే మూసేస్తారు. మాది మూసేవాళ్లు కాదు. క్రిస్మస్ సెలవుల్లోనూ, ఆ వెనక వచ్చే పండుగ సెలవుల్లోనూ పొయ్యి వెలిగేది. సుగ్గికి పోయినవాళ్ల పిల్లలకు ఆ సెలవుల్లో ఇళ్లు తాళం వేసి ఉంటాయి కాబట్టి ఈ ఏర్పాటు. మేము దాన్ని సెలవుల అన్నం అనేవాళ్లం. అది లేకపోతే సెలవులకని మిరప చేలకు పోయిన పిల్లవాడు బడి తెరిచే రోజుకు తిరిగి రాడు. చార్జీలు పెట్టి మధ్యలో తీసుకొచ్చే దిక్కెవరు?

కృపమ్మ టీచరు ఆ హాస్టల్ వార్డెను. మాకు తెలుగు కూడా ఆమే చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్లచీరకు నీలి అంచు. నేను ఏడో తరగతిలో ఉండగా అన్నంలో రాళ్లొస్తున్నాయని వంటమనిషి మీద ఒక అర్జీ రాసి, పేరు పెట్టకుండా ఆమె గది తలుపు కింద నుంచి తోశాను. సాయంత్రం ప్రార్థన అయ్యాక ఆమె అందరి ముందూ ఆ కాగితం విప్పి, చేతిరాత చూసి నేరుగా నన్ను లేపారు. "ఇది నీదే గదా ప్రకాశం? శానా బాగుండాది. దొంగ, రాక్షసుడు, కడుపులు కొట్టేటోడు. అన్నీ ఉండాయి. అన్నం ఒక్కటే లేదు. నీ కోపం తిని మేమేం చేయాలప్పా?" పిల్లలంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పుడైనా చెప్పగలను. ఆమె ఆ కాగితం చింపి నా చేతిలో ఇంకోటి పెట్టారు. "కూసో. మొదట నీ కండ్లతో చూసింది రాయి. ఆ తర్వాత ఎవరికి నొప్పో రాయి. ఆఖర్న ఒక్కటంటే ఒక్కటే అడుగు. కింద పేరు పెట్టు. పేరు లేని అర్జీ అంటే రాయి ఇసిరి గోడెనక దాక్కున్నట్టు." నాలుగు సార్లు రాయించారు. అయిదోసారి రాసింది చదివి, నా పేరు కింద తన పేరు కూడా పెట్టి, నన్ను వెంటబెట్టుకుని కమిటీ సెక్రటరీ దగ్గరికి పోయారు. బియ్యం మారాయి. ఆ రోజు నుంచి నాకు నవ్వినవాళ్ల మీద కోపమూ పోలేదు, రాయడమూ ఆగలేదు.

ఆమె చెప్పిన పద్ధతి నాకు ఉద్యోగం కూడా ఇప్పించింది. కడప జిల్లాలో ఒక మండలాఫీసులో గుమాస్తాగా చేరాను. ఆ ఊరి పక్కన ఒక ఫ్యాక్టరీ వాళ్లు తమ అవసరానికి బొగ్గు మండించి కరెంటు చేసుకునేవాళ్లు. ఆ బూడిద గాలికి లేచి మా ఇళ్ల మీద పడేది. ఉతికి ఆరేసిన చీర సాయంత్రానికి వేరే రంగు. పెరుగు మీద మూత మరిచిపోతే పైన సన్నటి పొర. మేము ఆ ఊరు చేరిన మూడో ఏడు సరోజకు దగ్గు మొదలైంది. నేను అర్జీలు పెట్టాను. "మీ అర్జీ సంబంధిత శాఖకు పంపడమైనది" అని జవాబులు వచ్చాయి. ఒకసారి టీచరు మమ్మల్ని చూడటానికి వచ్చారు. అప్పటికి ఆమె రిటైరయ్యారు. నా అర్జీల నకళ్లన్నీ ముందు వేసుకుని చదివి, కళ్లజోడు తీసి, "మళ్లీ కోపమే రాస్తాండావు" అన్నారు. లేచి పెరట్లోకి పోయి కరివేపాకు రెమ్మ తుంచుకొచ్చారు. ఒక ఆకు మీద వేలితో గీత గీశారు. గీత మేర పచ్చగా, మిగతాదంతా తెల్లబూడిద. "ఈ ఆకును కవర్లో పెట్టి పంపు. మాటలు తగ్గించు." ఇరవై మూడు అర్జీల్లో ఆ ఒక్కదానికే ఒక మనిషి వచ్చి మా ఇల్లు చూసిపోయాడు. కొన్నాళ్లు బూడిద కుప్పల మీద నీళ్లు చల్లారు. తర్వాత మానేశారు. సరోజ ఇంకో ఆరేళ్లు బతికింది. చివరి ఏడాది పడుకుని నిద్రపోలేక గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చేది. బూడిద వల్ల అని డాక్టరు రాసివ్వలేదు. ఊపిరి ఆడక అని మాత్రం రాశాడు. ఊపిరి ఎందుకు ఆడలేదు అనేదానికి ఆ కాగితంలో గడి లేదన్నాడు.

రిటైరై మా ఊరికి తిరిగొచ్చాక చర్చి కమిటీలో నన్నూ వేశారు. మా చర్చికి దొరసాని నిధి అని ఒకటి ఉంది. ఎప్పుడో మా ఊళ్లో ఆసుపత్రి నడిపిన దొరసాని వదిలిపోయిన మూలధనం. దాని మీద వచ్చేదానితోనే సెలవుల అన్నం నడుస్తుంది. నా మొదటి మీటింగులో ఆడిటరు కాగితం చదువుతుంటే తెలిసింది. నేను ఊళ్లో లేని కాలంలో కమిటీ వాళ్లు ఆ నిధిలో ఎక్కువ భాగం ఒక బొగ్గు కంపెనీ షేర్లలో పెట్టారు. లాభం బాగా పంచే కంపెనీ అని ఎంచుకున్నారట. నా భార్య గుండెల్లోకి పోయింది ఆ కంపెనీ బొగ్గు కాకపోవచ్చు. ఆ తేడా నాకు తెలుసు. కానీ మా పిల్లల కంచంలోకి ఆ మసి నుంచి అన్నం వస్తోందంటే నేను ఆ బల్ల దగ్గర కూర్చోలేకపోయాను. షేర్లు అమ్మేయాలి అన్నాను. సెక్రటరీ జయరాజు, బ్యాంకులో చేసి రిటైరైనవాడు, కాగితాల్లోంచి తల ఎత్తకుండానే అన్నాడు: "వచ్చినాడప్పా బూడిద ప్రకాశం. నీ కత అందరికీ తెలుసులే. తర్వాతి అంశం." అంతే. తర్వాతి అంశం చర్చికి సున్నం. ఆ మాట, ఆ తల ఎత్తకపోవడం, సున్నానికి పట్టిన ముప్పావుగంట, మూడూ నాకు గుర్తున్నాయి.

అక్కడి నుంచి నేరుగా టీచరు ఇంటికి పోయాను. చర్చి వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. ఎనభై దాటినా ఒంటరిగానే ఉండేవారు. పెళ్లి చేసుకోలేదు. నేను చెప్పిందంతా విని, "అమ్మాల్సిందేనప్పా" అన్నారు. నాకు ఊపిరొచ్చింది. "సారాయి కంపెనీ షేర్లు దుడ్లు ఎక్కువిస్తాయంటే కొంటామా? కొనం గదా. వానలు లేక మన జనం సుగ్గికి పోతాండారు. ఆ వానల్ని చెడగొట్టే దాంట్లో పాలు పెట్టుకొని, వాళ్ల పిల్లోళ్లకే అన్నం పెడితే అది ఏం ధర్మం?" నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట అదే. ఆమె వెంటనే ఇంకో మాట అడిగారు. "అమ్మితే బ్యాంకులో ఏస్తారు. అంత రాదు. సెలవుల అన్నం యాడనుంచి తెస్తావు?" "దేవుడు చూసుకుంటాడు టీచర్" అన్నాను. ఆమె నవ్వలేదు. "ఆయన చూసుకునేది ఆయన చూసుకుంటాడు. నీవేం చూసుకుంటావో రాయి." లేచి వస్తుంటే గడప దగ్గర ఆపారు. "ప్రకాశం, ఈ మీటింగు సుగ్గోళ్లు వచ్చినంకనే పెట్టాల. ఆ అన్నం వాళ్లది."

ఇక్కడ మా చర్చి పద్ధతి ఒకటి చెప్పాలి. సుగ్గికి పోయేవాళ్లకు పోయే ముందు ఆదివారం ప్రత్యేకంగా ప్రార్థన చేస్తారు. వాళ్లు కూర్చునే చాపలు చుట్టి గోడకు నిలబెట్టరు. వాళ్లు లేకపోయినా ఆ నాలుగు నెలలూ పరిచే ఉంచుతారు. పెళ్లిళ్లు కుదరవు, పెద్ద నిర్ణయాలు జరగవు. ఇదంతా ఎక్కడా రాసి లేదు. రాసి ఉన్న నిబంధన ఒక్కటే: మూడు వారాల ముందు చర్చి నోటీసు బోర్డుకు అంటించాలి. నేను జీవితమంతా కాగితం పట్టుకుని బతికినవాణ్ణి. రాసి లేనిది నాకు నిబంధన కాదు. పైగా మార్చితో కమిటీ గడువు తీరుతుంది. మళ్లీ నన్ను వేస్తారన్న నమ్మకం లేదు. ఇవన్నీ నేను అప్పుడు టీచరుకు చెప్పిన కారణాలు. చెప్పని కారణం ఒకటుంది. సుగ్గివాళ్లు ఉంటే నేను ఓడిపోతానని నాకు గట్టి నమ్మకం. "బూడిద ప్రకాశం మీ పిల్లోళ్ల అన్నం తీసేస్తాండాడు" అని జయరాజు ఒక్క మాటంటే చాలు, వాళ్లంతా అటే లేస్తారనుకున్నాను. వాళ్లు మా అమ్మా నాయనల్లాంటివాళ్లే. అయినా వాళ్ల గురించి నా లెక్క అంతే. డిసెంబరు చివర్లో నోటీసు అంటించాను. నాలుగు మూలలకూ గుండుసూదులు నేనే గుచ్చాను.

జనవరిలో ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మీటింగు పెట్టారు. ఎడమవైపు చాపలు పరిచి ఉన్నాయి, మనుషులు లేరు. జయరాజు మొదట మాట్లాడాడు. అతని మాటల్లో బలం లేదనను. "మనం అమ్మితే ఇంకొకడు కొంటాడు. బొగ్గు తవ్వేది ఒక్క గంప గూడా తగ్గదు. మన చర్చిలో ఒకాయన అలిగినాడని ఆ కంపెనీకి తెలిసేది గూడా లేదు." కొందరు నవ్వారు. పైన తిరుగుతున్న ఫ్యాను చూపించాడు. "అది దేంతో తిరుగుతాండాది? ముందు దాన్ని ఆపమను." నేను లేచాను. ఆ రోజు మాత్రం కోపం రాయలేదు, మాట్లాడలేదు. "ఫ్యాను మనకు గతిలేక తిరుగుతోంది. షేరు మనం కోరి కొన్నాం. కంపెనీకి తెలియకపోతే పోనీ. మనకు తెలిసింది కదా. తెలిశాక కూడా ఆ లాభంలో చెయ్యి పెట్టడం మనకు తగదు. ఓర్వకల్లు దారిలో రాళ్లగుట్టల పక్కన సౌర పలకలు పరిచారు, బస్సులోంచి మీరంతా చూశారు. కరెంటుకు వేరే దారులు వస్తున్నాయి. మన రూపాయి ఏ దారిలో ఉండాలి?" సరోజ పేరు ఎత్తకుండా నేను మాట్లాడిన మొదటిసారి అది.

మా చర్చిలో చేతులెత్తే అలవాటు లేదు. ఒప్పుకునేవాళ్లు లేచి నిలబడాలి. పాస్టరయ్య అడిగారు. ఉన్నవాళ్లలో చాలామంది లేచారు. నా గుండె నిండింది. కానివాళ్లు లేవమన్నారు. జయరాజు, అతని తమ్ముడు, ఇంకో అయిదారుగురు. అప్పుడు ఆడవాళ్ల వైపు గోడ పట్టుకుని కృపమ్మ టీచరు లేవడం మొదలుపెట్టారు. మోకాళ్లు పనిచేయవు ఆమెకు. లేవడానికి ఎంతసేపు పట్టిందో, అంతసేపూ చర్చంతా చూస్తూనే ఉంది. జయరాజు మొహం వెలిగింది. "టీచరమ్మ గూడా మన వైపే" అన్నాడు. "నీ వైపు కాదు, సంబరపడొద్దు" అన్నారామె. "షేర్లు అమ్మాల్సిందే. ప్రకాశం అనింది నిజం. ఐతే ఈ చాపల మీద కూసునేటోళ్లు లేరు. అన్నం వాళ్ల పిల్లోళ్లది. వాళ్ల తరపున ఎవరో ఒకరు లేయాల గదా. లేసినా. నొచ్చేది నా మోకాళ్లే, మీకేంది?" నా వైపు చూడలేదు. తీర్మానం నెగ్గింది. నేను గెలిచాను. ఇంటికి పోయి అన్నం ముట్టలేదు. నేను చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు నా కాగితం చదివి నవ్వించిన మనిషి, నాకు అరవై దాటాక కూడా అందరి ముందూ నన్ను లేపి నిలబెట్టినట్టే అనిపించింది. ఆ ఏడాదంతా ఆమె గడప తొక్కలేదు. చర్చిలో ఎదురైతే "బాగుండావా?" అనేవారు. "ఉన్నాను" అనేవాణ్ణి.

షేర్లు అమ్మారు. బ్యాంకులో వేశారు. అనుకున్నట్టే తక్కువొచ్చింది. ఆ డిసెంబరులో అదే బోర్డు మీద జయరాజు ఇంకో కాగితం అంటించాడు. ఈ ఏడు సెలవుల్లో హాస్టల్ మూయబడును. అప్పటికి సుగ్గి బయలుదేరుతోంది. లాజరు అనే మనిషి, నాయన కాలం నుంచీ మా వీధివాడే, కూతురు రూతును వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆ పిల్ల ఎనిమిదో తరగతి. "ఎవర్ని అడిగి మూసినారు సార్?" అన్నాడు. "షేర్లు అమ్మే ముందే నోటీసు పెట్టాం లాజరూ. బోర్డుకు ఉన్నింది, మూడు వారాలు." అతను గొంతు పెంచలేదు. "బోర్డు ఈడుంటే మేం యాడుంటిమి సార్?" అన్నాడు. తర్వాత "పదమ్మా" అని కూతురి సంచి తనే భుజానికి వేసుకున్నాడు. ఆ పిల్ల సంచిలో పుస్తకాల మూలలు పొడుచుకుని కనిపించాయి. నలభై ఏళ్లు నేను ఆఫీసుల చుట్టూ తిరుగుతూ విన్న జవాబు ఆ పూట నా నోట్లోంచి వచ్చింది. నోటీసు ఉన్నింది.

సెలవులు మొదలైన మూడో రోజున టీచరు ఇంట్లోంచి పొగ వస్తోందని విన్నాను. పోయి చూస్తే ముందు గదిలో తొమ్మిదిమంది పిల్లలు కంచాలు పెట్టుకుని కూర్చున్నారు. తన పింఛనుతో ఆమె పొయ్యి వెలిగించారు. అంతకంటే ఎక్కువమందికి ఆమె ఓపిక చాలలేదు. మిగతావాళ్లు, రూతుతో సహా, అప్పటికే రైలెక్కారు. ఏడాది తర్వాత ఆ గడప తొక్కిన నన్ను చూసి ఆమె, "రా, చారు పోయి. నా చెయ్యి వణుకుతాండాది" అన్నారు. పోశాను. పిల్లలు తిని లేచాక, "నేను చేసింది తప్పంటారా?" అని అడిగాను. "షేర్లు అమ్మింది తప్పా? కాదు." "మరి?" "నీవు వాళ్లను అడగలే. ఏంటికి అడగలే?" "ఒప్పుకోరని." "వాళ్లు ఒప్పుకోరని నీకు ఎవరు చెప్పినారు? జయరాజు నిన్ను బూడిదోడన్నాడని ఇన్నాళ్లు మోస్తాండావే, నీవు వాళ్లను ఏమనుకున్యావో ఒకతూరి చూసుకో." నేను లేచి నిలబడ్డాను, పోదామని. "యాడికి పోతావు? పొయ్యేది గుంటూరు దిక్కు పో. మిరప చేలల్లో ఉంటారు. ఇప్పుడైనా అడుగు."

రెండు నెలలు నాన్చి మార్చిలో, కోపంతోనే పోయాను. అది దాచను. హాస్టల్ రిజిస్టరు నుంచి ముప్పై ఎనిమిది కుటుంబాల పేర్లు రాసుకుని, చేను తర్వాత చేను తిరిగాను. నీలం ప్లాస్టిక్ పట్టాలతో కట్టిన గుడారాలు, మిరప ఘాటుకు ఎవరి కళ్లూ నిలవవు. మొదట లాజరు గుడారం. రూతు వేళ్లు మంటపెడుతున్నాయని చేతులు మజ్జిగ గిన్నెలో పెట్టుకుని కూర్చుని ఉంది. నేను నిలబడే చెప్పాను. "మీరు లేనప్పుడు మీటింగు పెట్టాను. మీరుంటే ఒప్పుకోరనే పెట్టాను." బొగ్గు సంగతి, షేర్ల సంగతి, సరోజ సంగతి, అన్నీ చెప్పాను. మళ్లీ కొనమంటారా అని అడిగాను. లాజరు భార్య మార్తమ్మ మాట్లాడింది. "మసి సొమ్ము మాకొద్దు సార్. ఆయమ్మ అట్ల పోయిందంటే మాకు మాత్రం మనసు లేదా? ఐతే పిల్లోళ్లకు అన్నం కావాల. ఈడ మేము నూరు రోజులు కోస్తాం. ఒక దినం కూలి హాస్టల్‌కని తీసిపెడితే మాకేమీ కాదు. అడిగింటే పోయినేడే ఇచ్చింటిమి." పక్క గుడారంలో కూడా అదే మాట. ఆ పక్కన కూడా. ఒకాయన మాత్రం నన్ను బూతులు తిట్టాకే సరేనన్నాడు. అతని కొడుకు బడి మానేశాడు. ఆ తిట్లు నేను రాసుకోలేదు. గుర్తు మాత్రం ఉన్నాయి.

నాలుగు రోజులు తిరిగి వచ్చి, గర్వంగానే, టీచరు ముందు కూర్చున్నాను. ఒప్పుకున్నారనీ, కుటుంబానికి ఒక రోజు కూలి ఇస్తామన్నారనీ, వచ్చే డిసెంబరుకు సెలవుల అన్నం మళ్లీ మొదలవుతుందనీ చెప్పాను. ఆమె మంచం మీద పడుకునే విన్నారు. అప్పటికి లేవలేకపోతున్నారు. "అందరినీ అడిగినావా?" అన్నారు. "అందరినీ టీచర్. సుందరమ్మ ఒక్కతే దొరకలేదు. మనవరాలిని తీసుకొని ఇంకో ఊరికి మారిందంట." "అయితే అందరినీ అడగలే." "ఒక్క ముసలామె టీచర్. ముప్పై ఏడు ఇళ్లు ఒప్పుకున్నాక..." "ఆ ఒక్కదాని మనవరాలికి గూడా ఆకలైతాది గదప్పా" అని గోడ వైపు తిరిగారు. ఆ వయసులో, ఆ ఎండలో నన్ను మళ్లీ పంపుతున్నదని నాకు ఒళ్లు మండింది. అయినా పోయాను. మూడో రోజుకు సుందరమ్మ దొరికింది. కల్లంలో ఎండబోసిన మిరపకాయల పక్కన కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. నేను చెప్పిందంతా విని, "ఇది అడగనీకి ఇంత దూరం వచ్చినావా నాయనా? నన్ను ఇంతవరకూ ఎవరూ ఏదీ అడగలే" అంది. కాసేపు ఆలోచించుకుంటానంది. ఒక పూటంతా ఆలోచించింది. నేను ఆ కల్లం గట్టు మీదే కూర్చున్నాను. సాయంత్రానికి సరేనంది.

ఆ సాయంత్రమే మా ఊళ్లో కృపమ్మ టీచరును పూడ్చిపెట్టారు. పొద్దున పోయారట. ఎండాకాలం, ఉంచడానికి వీల్లేదు. నా ఫోను కల్లంలో పనిచేయలేదు. నేను వచ్చేసరికి మట్టి కూడా ఆరిపోయింది. నా చేత పిడికెడు మన్ను వేయించుకోకుండా ఆమె నన్ను ఆ ముసలమ్మ దగ్గరికి పంపారు. అందరి ముందూ నాకు ఎదురు లేచిన సంగతిని ఎట్లాగో సర్దుకున్నాను కానీ, ఈ ఒక్కటి మాత్రం ఆమె పేరు మీద అట్లాగే ఉంచుకున్నాను. కొట్టేయను.

ఆ డిసెంబరు నుంచి సెలవుల అన్నం మళ్లీ వండుతున్నారు. రూతు ఒక ఏడాది వెనకబడి పదో తరగతికి వచ్చింది. నన్ను మళ్లీ వేసిన కమిటీ ముందు ఈసారి ఉన్న ప్రశ్న వేరే. నిధిలో కొంత తీసి హాస్టల్ మిద్దె మీద సౌర పలకలు వేయించాలా వద్దా అని. ఉన్నవాళ్లం తీర్మానం చేసేద్దామని జయరాజు అంటున్నాడు, ఈ విషయంలో అతను నా వైపే. నేను సంతకం పెట్టలేదు. సుగ్గివాళ్ల పేర్లు రాసుకుని బయలుదేరాను. పోయిన ఏడు ముగ్గురు దొరకలేదు, అంతకు ముందు ఏడు ఇద్దరు. అందరూ దొరికిన ఏడు ఆ మొదటిది ఒక్కటే. దొరకనివాళ్ల కోసం కాగితాన్ని నేను ఆపుతున్నానని కమిటీలో అందరికీ నా మీద విసుగు. ఎవరెవరు ఏమన్నారో నాకు గుర్తుంది. అననీ. ముందు ఆ ముగ్గురు ఏ చేలో ఉన్నారో కనుక్కోవాలి.